ద్రావణపు తొట్టిలో వేసే పూతకు పేటెంట్: అభ్యంతరం రాకముందు, వచ్చాక చేయవలసిన పనులు

రసాయన ద్రావణంలో ముంచి పూత వేసే పద్ధతికి పేటెంట్ కోరినవారికి చెన్నై గిండీలోని పేటెంట్ కార్యాలయం నుంచి వచ్చే మొదటి పరీక్షా నివేదికలో ఒక అభ్యంతరం తరచుగా కనిపిస్తుంది. తెలిసిన రసాయనాలనే తెలిసిన తీరులో వాడి, ఉష్ణోగ్రతనూ పీహెచ్‌నూ కొంత మార్చారే తప్ప ఇందులో ఆవిష్కరణ ఏమీ లేదన్నది దాని సారాంశం. ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు ఆ కార్యాలయం పరిధిలోకే వస్తాయి కాబట్టి, తిరుపతి విశ్వవిద్యాలయంలో గాజుపలకల మీద కాడ్మియం సల్ఫైడ్ పొర పెంచుతున్న పరిశోధకునికీ, రేణిగుంట దగ్గర రేకుల షెడ్డులో ఇత్తడి దీపపు కుందులకు నికెల్ పూత వేస్తున్న యజమానికీ ఎదురయ్యేది ఇదే అభ్యంతరం. దీనికి జవాబు న్యాయపరిభాషలో దొరకదని నా అనుభవం చెబుతోంది. అది దరఖాస్తు వేయడానికి ముందు రాసిన ప్రయోగాల పుస్తకంలో ఉంటే ఉంటుంది, అక్కడ లేకపోతే ఏ న్యాయవాదీ దాన్ని పుట్టించలేడు.

వివరణ కోసం ఒక ఊహాజనిత ఉదాహరణను చివరిదాకా వెంటబెట్టుకుందాం. మన షెడ్డు యజమాని వాడేది విద్యుత్తు అక్కరలేని ఎలక్ట్రోలెస్ నికెల్ తొట్టి. అందులో నికెల్ సల్ఫేట్, సోడియం హైపోఫాస్ఫైట్, నికెల్ అయాన్లను పట్టి ఉంచే లాక్టిక్ ఆమ్లం వంటి పదార్థం, ద్రావణం దానంతటదే విరిగిపోకుండా లీటరుకు మిల్లీగ్రాముల లెక్కన వేసే సీసపు లవణం ఉంటాయి. పీహెచ్ 5కు అటూ ఇటూ, ఉష్ణోగ్రత 90 డిగ్రీల దరిదాపుల్లో ఉంచుతారు. ఇత్తడిని ఆ తొట్టిలో ఊరికే ముంచితే పూత మొదలుకాదు. రాగి, ఇత్తడి ఈ చర్యకు ఉత్ప్రేరకాలు కావు గనుక పనివాడు ఒక ఇనుప తీగను కుందికి తాకించి పట్టుకుంటాడు, లేదా క్షణకాలం విద్యుత్తు ఇస్తాడు. తీగ తాకిన కాసేపటికి లోహం మీద సన్నని బుడగలు లేచి, పసుపు రంగు మీద తెల్లటి మెరుపు పాకుతుంది. మన యజమాని సీసం మానేసి ‘క’ అనే మరో సంకలితాన్ని కొద్దిగా వేసి చూడగా ద్రావణం నిలకడగా ఉండటమే కాక, తీగ తాకించకుండానే ఇత్తడి మీద పూత మొదలైందని అనుకుందాం.

మొదటి మెట్టు: తొట్టిలో కొత్తదేమిటో విడదీయడం

ఒక కాగితం మీద తొట్టిని భాగాలుగా రాయండి. ద్రావణంలోని పదార్థాలు, వాటి మోతాదులు, వేసే వరుస, ఉష్ణోగ్రత, పీహెచ్, కలియబెట్టే తీరు, ముంచడానికి ముందు లోహాన్ని శుభ్రం చేసే పద్ధతి, చివరికి వచ్చే పొర గుణాలు, వీటిలో ప్రతిదానికీ ఎదురుగా అది ఇదివరకే ఎక్కడ కనబడిందో నమోదు చేయండి. ఈ రంగంలో పూర్వ విజ్ఞానం, అంటే దరఖాస్తుకు ముందే లోకానికి తెలిసినది, చాలా లోతైనది. హైపోఫాస్ఫైట్ నికెల్ లవణాన్ని లోహంగా మార్చుతుందని 19వ శతాబ్దంలోనే తెలుసు. కానీ అప్పటి చర్య అదుపు లేక లోహపు పొడిని ఇచ్చేది. 1946లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో బ్రెన్నర్, రిడెల్ విద్యుత్తుతో నికెల్ టంగ్‌స్టన్ పూత వేస్తూ, ద్రావణం చెడకుండా హైపోఫాస్ఫైట్ కలిపినప్పుడు, పంపిన విద్యుత్తు లెక్కకు మించి లోహం పేరుకోవడం చూశారు. నూరు శాతం దాటిన ఆ సామర్థ్యాన్ని తూకంలో పొరపాటుగా కొట్టిపారేయకుండా కారణం వెతికారు కాబట్టే ఉపరితలం మీద మాత్రమే అదుపుగా సాగే పూత పద్ధతి బయటపడింది, 1950లో దానికి పేటెంట్లు వచ్చాయి. చర్య తెలిసి ఉండటం వేరు, ఆ చర్యను పూత పద్ధతిగా నిలబెట్టడం వేరు. మీ కాగితం మీద వెతకవలసింది ఆ తేడానే.

మన ఉదాహరణలో సీసం తీసేయాలన్న కోరిక కొత్తది కాదు. ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసాన్ని పరిమితం చేసే ఐరోపా నిబంధనలు వచ్చినప్పటి నుంచి ప్రపంచమంతా ఆ దారి వెతుకుతూనే ఉంది. కాబట్టి ‘సీసం లేని తొట్టి’ అన్న వర్ణనతో వాదన మొదలుపెడితే మొదటి అడుగులోనే జారిపోతారు. స్టెబిలైజర్‌గా, అంటే ద్రావణాన్ని విరగకుండా నిలిపేందుకు, వేసినది సాధారణంగా చర్యను మందగింపజేస్తుంది; ఇక్కడ అదే పదార్థం ఇత్తడి మీద చర్యను మొదలుపెడుతోంది. ఆవిష్కరణ ఉంటే ఇక్కడే ఉంది.

రెండవ మెట్టు: నోరు విప్పకముందే తేదీ సంపాదించడం

పరిశోధకులు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. నా దగ్గరికి వచ్చిన ఒక దరఖాస్తులో పద్ధతి నిజంగా కొత్తది, ఫలితాలు చక్కగా ఉన్నాయి. అయితే దరఖాస్తుకు 11 నెలల ముందే ఆ విద్యార్థి సిద్ధాంత గ్రంథం, విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను ఆన్‌లైన్‌లో అందరికీ అందుబాటులో ఉంచే శోధ్‌గంగలో చేరిపోయింది. అతని సొంత మాటలే అతనికి వ్యతిరేకంగా ఉదహరించబడ్డాయి. పేటెంట్ల చట్టం 31వ సెక్షన్ 12 నెలల వెసులుబాటు ఇస్తుందని విని చాలామంది నిశ్చింతగా ఉంటారు గానీ, అది ప్రభుత్వం ప్రకటించిన ప్రదర్శనలకూ, విద్వత్సభల్లో చదివిన, వాటి సంచికల్లో ప్రచురించిన పత్రాలకూ సంబంధించిన ఇరుకైన మినహాయింపు. సిద్ధాంత గ్రంథానికీ, మామూలు పత్రికా వ్యాసానికీ అది గొడుగు పడుతుందని నమ్ముకోకూడదు.

షెడ్డు యజమానికి ఉన్న ప్రమాదం వేరు. పూత వేసిన కుందులను గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల దుకాణాలకు అమ్మడం మొదలుపెట్టాక దరఖాస్తు వేస్తే, భారతదేశంలో అప్పటికే బహిరంగంగా వాడుకలో ఉన్న పద్ధతి అన్న అభ్యంతరానికి తావిచ్చినట్టే. రహస్యంగా వాడుతున్నాను కదా అనుకున్నా గండం తప్పదు, ఎందుకంటే దరఖాస్తు తేదీకి ముందు దేశంలో చేసిన రహస్య వినియోగం 64వ సెక్షన్ కింద పేటెంట్ రద్దుకు ఒక కారణం. ప్రయోగం కోసమో సహేతుకమైన పరీక్ష కోసమో చేసిన వాడకం వేరు, వ్యాపారం వేరు.

అందువల్ల ఫలితాలు సగం చేతికి రాగానే తాత్కాలిక స్పెసిఫికేషన్ (ఆవిష్కరణను వివరించే పత్రం) దాఖలు చేసి తేదీ పట్టుకోవడం మంచిది. పూర్తి స్పెసిఫికేషన్‌కు అక్కడి నుంచి 12 నెలలు గడువు ఉంటుంది. వ్యక్తులకూ, అంకుర సంస్థలకూ, చిన్న పరిశ్రమలకూ, విద్యాసంస్థలకూ ఆన్‌లైన్ దాఖలు రుసుము 1,600 రూపాయలు, పరీక్ష కోరే రుసుము 4,000 రూపాయలు మాత్రమే కాబట్టి డబ్బు సాకు చెల్లదు. 2024 మార్చి 15న వచ్చిన సవరణ నియమాల ప్రకారం పరీక్ష కోరే గడువు 48 నెలల నుంచి 31 నెలలకు తగ్గింది. పాత గడువును గుర్తుపెట్టుకున్నవారు ఈ ఒక్క అంకెను దిద్దుకోవాలి.

ఆకుల రసంతో, బెరడు కషాయంతో లోహ లవణాన్ని క్షయకరణం చేసి పొర వేసే ‘హరిత’ పద్ధతుల మీద మన ప్రాంతంలో మోజు ఎక్కువ. శేషాచలం అడవుల ఎర్రచందనమో మరొకటో వాడితే ఆ జీవవనరు ఎక్కడిదో స్పెసిఫికేషన్‌లో చెప్పాలి, జీవవైవిధ్య చట్టం కింద జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ దగ్గర చేయవలసిన పని కూడా పేటెంట్ మంజూరుకు ముందే పూర్తిచేయాలి. నవాసారంతో కళాయి పూయడం, శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డను కరక్కాయ పాలలో నానబెట్టడం వంటి వాటిని కొద్దిగా మార్చి తెచ్చేవారికి సంప్రదాయ విజ్ఞానాన్ని మినహాయించే 3(పి) సెక్షన్ అడ్డు నిలుస్తుంది.

మూడవ మెట్టు: పోల్చి చూపే ప్రయోగాలు

వివాదం గెలిచేదీ ఓడేదీ ఈ మెట్టు మీదనే గనుక ఇక్కడ తొందర పనికిరాదు. చట్టంలోని 2(1)(జెఏ) నిర్వచనం ప్రకారం, ఉన్న విజ్ఞానం కంటే సాంకేతికంగా ముందడుగో, ఆర్థిక ప్రాముఖ్యమో, రెండూనో ఉండి, ఆ రంగంలో నైపుణ్యం గల వ్యక్తికి అది తేటతెల్లంగా తోచకూడదు. తొట్టి పూతల్లో ‘నైపుణ్యం గల వ్యక్తి’ ఉష్ణోగ్రతనూ పీహెచ్‌నూ రోజూ మార్చి చూసుకునేవాడే. 1955లో అమెరికా న్యాయస్థానం ఆలర్ కేసులో ఇదే చెప్పింది. పాత పద్ధతి 100 డిగ్రీల వద్ద 10 శాతం ఆమ్లంతో నడుస్తుంటే, 40 నుంచి 80 డిగ్రీల మధ్య 25 నుంచి 70 శాతం ఆమ్లంతో నడపడాన్ని కొత్తగా కోరారు. సాధారణ పరిస్థితులు తెలిసినప్పుడు మెరుగైన అంకెలను మామూలు ప్రయోగాలతో వెతికి పట్టడం ఆవిష్కరణ కాదని ఆ తీర్పు. అది మన దేశాన్ని కట్టిపడేసేది కాకపోయినా ఇక్కడి పరీక్షకుల ఆలోచన కూడా ఆ దారినే సాగుతుంది.

మనకు ఇంకా దగ్గరి కేసు ఒకటుంది. మీర్జాపూర్‌లో ఇత్తడి, జర్మన్ సిల్వర్ పాత్రలు చేసే ఒక సంస్థ, పాత్రను లేత్ మీద పట్టి ఉంచే సాధనానికి పేటెంట్ తెచ్చుకుంది. 1978లో సుప్రీంకోర్టు విశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసులో, పనివాడు పనిశాలలో చేసుకునే మామూలు మెరుగుదల కంటే ఎక్కువ ఏదో ఉండాలని చెప్పి దానిని నిలబెట్టలేదు. మీ తొట్టి కూడా ఇత్తడి పనిశాలలోనే ఉంది కాబట్టి, ఈ ఉదాహరణ ఎప్పుడో ఒకప్పుడు మీ ముందుకు రాక మానదు.

కాబట్టి ప్రయోగాలను ‘బాగా వచ్చింది’ అని చెప్పడానికి కాకుండా, ‘ఇలా వస్తుందని ఎవరూ అనుకోరు’ అని చూపడానికి అమర్చాలి. ఒకే ఇత్తడి రేకు నుంచి ఒకే కొలతలో ముక్కలు కత్తిరించి, అన్నింటినీ ఒకే తీరులో శుభ్రం చేసి, నాలుగు తొట్లు కట్టండి: సీసం ఉన్నది, సీసమూ ‘క’ కూడా లేనిది, ‘క’ ఉన్నది, ‘క’కు బాగా దగ్గరి చుట్టమైన, పాత పత్రాల్లో స్టెబిలైజర్‌గా కనబడే పదార్థం ఉన్నది. ఈ నాలుగో తొట్టినే అందరూ వదిలేస్తారు, పరీక్షకుడు మాత్రం నేరుగా దాన్నే అడుగుతాడు. పూత మొదలవడానికి పట్టిన సమయం, గంటకు పెరిగిన మందం, వంచి చూసినప్పుడు పొర ఊడిందా నిలిచిందా, ద్రావణం ఎన్ని గంటలకు విరిగింది, పొరలో భాస్వరం ఎంత శాతం అన్నవి ప్రతి తొట్టికీ నమోదు కావాలి.

‘క’ మోతాదును లీటరుకు 2 నుంచి 4 మిల్లీగ్రాములని కోరబోతుంటే, 2కు కొంచెం దిగువ, 4కు కొంచెం ఎగువ కూడా పరీక్షించి, ఆ హద్దుల దగ్గర ఫలితం తటాలున మారుతుందని చూపాలి. హద్దు దాటినా ఫలితం మెల్లగానే మారుతుంటే ఆ అంకెలకు ప్రత్యేకత లేదు, ఆ సంగతి ముందు మీకే తెలియడం మంచిది. కొత్త ద్రావణంతో ఒక్కసారి వచ్చిన ఫలితాన్ని నమ్మవద్దు. తొట్టిని నింపుకుంటూ వాడేకొద్దీ అందులో ఫాస్ఫైట్ పేరుకుంటుంది, పొర గుణం మారుతుంది. కాబట్టి పాతబడిన తొట్టిలోనూ ఫలితం నిలుస్తుందో లేదో చూడాలి. ప్రతి పేజీ మీద తేదీ, చేసినవారి సంతకం, చూసినవారి సంతకం ఉండాలి. చెడిన ప్రయోగాలను చింపకండి. ‘ఎవరైనా ప్రయత్నిస్తే సులభంగా వచ్చేదే’ అన్న వాదనకు మీ వైఫల్యాల పేజీలే గట్టి సమాధానం.

నాల్గవ మెట్టు: క్లెయిమ్ రాత

క్లెయిమ్ అంటే దేని మీద హక్కు కోరుతున్నామో చెప్పే వాక్యం. మొదటిసారి వచ్చేవారు సాధారణంగా దాన్ని ఇలా రాసి తెస్తారు: ‘70 నుంచి 95 డిగ్రీల మధ్య, పీహెచ్ 4 నుంచి 6 మధ్య, నికెల్ ద్రావణంలో ముంచి ఇత్తడి మీద పూత వేసే పద్ధతి.’ దీనిలో పూర్వ విజ్ఞానమంతా ఇమిడిపోతుంది. దాన్ని ఇలా దిద్దుకోవచ్చు: ‘ఉత్ప్రేరకం కాని రాగి మిశ్రలోహపు ఉపరితలాన్ని, బయటి లోహాన్ని తాకించకుండా, విద్యుత్తు ఇవ్వకుండా, లీటరుకు 2 నుంచి 4 మిల్లీగ్రాముల క కలిగి సీసం లేని హైపోఫాస్ఫైట్ నికెల్ ద్రావణంలో ముంచి, ఆ ఉపరితలం మీదనే నిక్షేపాన్ని ప్రారంభింపజేయు పద్ధతి.’ వాక్యం ఇరుకైంది, కానీ నిలబడుతుంది. దాని కింద మోతాదులనూ పీహెచ్‌నూ ఇంకా ఇరుకు చేసే ఆధార క్లెయిమ్‌లు పెట్టుకుంటే, తర్వాత వెనక్కి తగ్గవలసి వచ్చినప్పుడు నిలబడటానికి చోటుంటుంది. 59వ సెక్షన్ కింద సవరణతో క్లెయిమ్‌ను కుదించుకోవచ్చే గాని, మొదటి స్పెసిఫికేషన్‌లో లేనిదాన్ని తర్వాత చేర్చలేరు. వివరణలో ఎక్కువ రాసి, క్లెయిమ్‌లో తక్కువ కోరమని నేను అందరికీ చెప్పేది అందుకే.

పద్ధతితో పాటు ద్రావణ మిశ్రమాన్నీ, వచ్చే పొరనూ విడిగా కోరవచ్చా అని అడుగుతారు. కోరవచ్చు, కానీ ఒక్కొక్కదానికి ఒక్కొక్క ముల్లు ఉంది. మిశ్రమానికి 3(ఇ) సెక్షన్ ఎదురవుతుంది. పదార్థాలు తమ తమ గుణాలనే కలిపి ఇస్తున్నాయి తప్ప కలయిక వల్ల అదనంగా ఏదీ పుట్టలేదంటారు. పొర విషయంలో, భాస్వరం 10 శాతం పైబడిన పూతలు తుప్పును బాగా తట్టుకుంటాయన్నది ఇదివరకే తెలుసు కాబట్టి, మీ పొర ఆ కోవలోదే అయితే కొత్త వస్తువని చెప్పలేరు.

ఐదవ మెట్టు: నివేదికకు జవాబు

నివేదిక జారీ అయిన నాటి నుంచి 6 నెలల్లో జవాబివ్వాలి, కోరితే మరో 3 నెలలు పెంచుతారు. ఆ గడువు దాటితే దరఖాస్తును వదులుకున్నట్టే లెక్క. జవాబును కోపంతో మొదలుపెట్టకండి. ఉదహరించిన ప్రతి పత్రాన్నీ చదివి, అందులో ఏముందో ఒప్పుకుని, ఏది లేదో చూపాలి. పరీక్షకుడు రెండు పత్రాలను జతచేసి ‘ఇది ప్లస్ అది’ అంటే, ఆ రెంటినీ కలపాలన్న ప్రేరణ ఎక్కడుందని అడగండి. మొదటి పత్రం ‘క’ జాతి పదార్థాలు చర్యను ఆపుతాయని హెచ్చరిస్తుంటే, అది మీ దారికి ఎదురుగా నడిపిస్తోందని ఆ పేరా సంఖ్యతో సహా చూపండి.

3(డి) సెక్షన్ పేరు వినగానే అందరికీ ఒక క్యాన్సర్ మందుకు పేటెంట్ నిరాకరించిన 2013 నాటి నోవార్టిస్ తీర్పూ, మందులూ గుర్తుకొస్తాయి. కానీ ఆ సెక్షన్ చివరి భాగం పూతల వారికి ఎక్కువ ముఖ్యం: తెలిసిన పద్ధతిని ఊరికే వాడటం ఆవిష్కరణ కాదు, అది కొత్త ఉత్పత్తిని ఇస్తేనో, కనీసం ఒక కొత్త రియాక్టెంట్‌ను (చర్యలో పాల్గొనే పదార్థాన్ని) వాడితేనో తప్ప. ఇక్కడ ‘క’ రియాక్టెంటా, కేవలం పక్కన ఉండే సంకలితమా అన్నది అసలు పోరు. అది ఇత్తడి ఉపరితలంతో చర్య జరిపి ఖర్చవుతోందని మీ విశ్లేషణ చూపితే రియాక్టెంట్ అని గట్టిగా చెప్పవచ్చు. చూపలేకపోతే, మాది తెలిసిన పద్ధతి వాడకమే కాదు, ప్రారంభ దశే వేరైన కొత్త పద్ధతి అన్న వాదనను ముందు పెట్టి, రియాక్టెంట్ వాదనను ప్రత్యామ్నాయంగా ఉంచాలి. ఈ వరుస తారుమారు చేసి, తెలిసిన పద్ధతేనని ముందే ఒప్పుకున్న జవాబులను నేను చూశాను. ఆ ఒప్పుకోలును వెనక్కి తీసుకోవడం మహా కష్టం.

ఆరవ మెట్టు: విచారణ, అప్పీలు

జవాబుతో తృప్తి పడకపోతే కంట్రోలర్ (దరఖాస్తుపై నిర్ణయం తీసుకునే అధికారి) విచారణకు పిలుస్తారు. ఇప్పుడవి ఎక్కువగా వీడియో ద్వారానే జరుగుతున్నాయి గనుక రైలెక్కి చెన్నై వెళ్ళే శ్రమ తగ్గింది. తొట్టి దగ్గర నిజంగా పనిచేసినవారిని పక్కన కూర్చోబెట్టుకోండి. తీగ తాకించడం అంటే ఏమిటో పేటెంట్ ఏజెంటు అరగంట చెప్పేదాన్ని ఆయన రెండు మాటల్లో చెబుతారు. విచారణ ముగిసిన 15 రోజుల్లో రాతపూర్వక వాదన దాఖలు చేయాలి.

తిరస్కరణ ఉత్తర్వు వస్తే ముందు అందులో కారణాలున్నాయా అని చూడండి. 2022లో ఢిల్లీ హైకోర్టు అగ్రిబోర్డ్ ఇంటర్నేషనల్ కేసులో, ఆవిష్కరణ దశ లేదని తిరస్కరించేటప్పుడు పూర్వ విజ్ఞానం ఏం చెబుతోంది, దరఖాస్తు ఏం చెబుతోంది, మొదటిదాని నుంచి రెండవది నిపుణునికి ఎలా తేటతెల్లమవుతుంది అన్న మూడింటినీ చర్చించాలని చెప్పింది. ఒక్క వాక్యంతో కొట్టేసిన ఉత్తర్వులను సవాలు చేయడానికి ఇది మంచి ఆయుధం. మేధో సంపత్తి అప్పీళ్ళ బోర్డు 2021లో రద్దయింది కాబట్టి, చెన్నై కార్యాలయపు ఉత్తర్వు మీద అప్పీలు 3 నెలల్లో మద్రాసు హైకోర్టుకు వెళుతుంది.

ఎదుటివారి దరఖాస్తును అడ్డుకోవలసిన స్థితిలో మీరే ఉంటే, అది ప్రచురితమైన తర్వాత మంజూరయ్యేలోగా 25(1) కింద ఎవరైనా అభ్యంతరం వేయవచ్చు. మంజూరు ప్రచురితమైన నాటి నుంచి ఏడాదిలోగా అయితే సంబంధం ఉన్నవారే వేయగలరు. పాత సిద్ధాంత గ్రంథాలు, రసాయనాలు అమ్మేవారు ఇచ్చే సాంకేతిక కరపత్రాలు, ఆ పద్ధతితో తయారై ముందే దిగుమతి అయిన వస్తువులు ఇక్కడ పనికొచ్చే సాక్ష్యాలు.

ఏడవ మెట్టు: పేటెంట్ చేతికొచ్చాక రుజువు

పద్ధతి పేటెంట్ ఉన్నవారికి ఆ పద్ధతి నుంచి నేరుగా వచ్చిన వస్తువు అమ్మకాన్నీ దిగుమతినీ ఆపే హక్కు 48వ సెక్షన్ ఇస్తుంది. అయితే పక్క షెడ్డువాడు మూసిన తలుపుల వెనక ఏ తొట్టి వాడుతున్నాడో ఎలా తెలుస్తుంది? 104ఏ సెక్షన్ ప్రకారం, తన వస్తువూ అవతలి వస్తువూ ఒకటేనని యజమాని ముందు చూపి, అది కొత్త వస్తువనో, లేదా తన పద్ధతితోనే తయారై ఉండే అవకాశం గట్టిగా ఉన్నా ఎంత ప్రయత్నించినా అసలు పద్ధతిని కనుక్కోలేకపోయాననో నిరూపిస్తే, వేరే పద్ధతి వాడానని చూపే భారాన్ని కోర్టు అవతలివాడి మీద మోపవచ్చు.

అందుకని దరఖాస్తుకు ముందే ఒక కుందిని అడ్డంగా కోయించి, పొరలో ‘క’ జాడ ఏదైనా మిగులుతోందేమో విశ్లేషించి చూడండి. మిగిలితే అంగట్లో కొన్న కుందే సాక్ష్యమవుతుంది. ఏమీ మిగలకపోతే, 18 నెలలకు మీ వంటకమంతా ప్రచురించి పోటీదారు చేతికివ్వడం కంటే రహస్యంగా ఉంచుకోవడమే లాభం కావచ్చు. కానీ రహస్యంగా వ్యాపారం మొదలుపెట్టాక మళ్ళీ పేటెంట్ దారికి రావాలంటే ఇందాక చెప్పిన 64వ సెక్షన్ ఎదురుగా నిలుస్తుంది. కాబట్టి ఈ విశ్లేషణకు ముక్కను పంపవలసింది మొదటి కుంది దుకాణానికి చేరకముందే.